అయిదులోపు అంకెలు

మూసారాంబాగ్ నుంచి ఎల్బీనగర్ పోయే రోడ్డు మీద ఎక్కడో ఒకచోట హైదరాబాద్ జిల్లా అయిపోయి రంగారెడ్డి జిల్లా మొదలవుతుంది. సరిగ్గా ఎక్కడ అని అడిగితే ఆ రోడ్డు మీద పుట్టి పెరిగినవాళ్లు కూడా నెత్తి గోక్కుంటారు. కోచింగ్ సెంటర్ల బోర్డులకు ఆ గీత తెలియదు, చీరల దుకాణాలకు తెలియదు, షేర్ ఆటోవాళ్లకు అసలే తెలియదు. తెలిసిందల్లా ప్రభుత్వ ఆఫీసులకే. గీతకు ఈ పక్కన ఎవరికైనా వాంతులు పట్టుకుంటే ఆ లెక్క ఒక కలెక్టరుగారి దగ్గరికి పోతుంది, ఆ పక్కన పట్టుకుంటే ఇంకో కలెక్టరుగారి దగ్గరికి పోతుంది. రెండు లెక్కలూ పైకి పోతాయి గానీ పక్కకు రావు. పక్కకు రావాలంటే ఎవరో ఒకరు ఫోన్ తియ్యాలి.

సకల జనుల సమ్మె నడుస్తున్న ఆ రోజుల్లో ఫోన్ తియ్యడం కూడా ఎటో ఒక పక్క చేరడం కిందే లెక్క. బస్సులు డిపోల్లో పడుకున్నాయి. బడులు మూతపడ్డాయి. దవాఖానలు తెరిచే ఉన్నాయి గానీ అక్కడ లెక్కలు రాసి పంపే ఉద్యోగులు చౌరస్తాల్లో గుడారాల కింద కూర్చున్నారు. దిల్‌సుఖ్‌నగర్ వైపు పట్టణ ఆరోగ్య కేంద్రంలో వైద్యాధికారి డాక్టర్ మృదుల రోగుల్ని చూసుకుంటూ, లెక్కలు కూడా తనే రాసుకుంటూ ఉండేది. వాళ్ల నాన్న తెనాలి నుంచి వచ్చినవాడు. ఆమె పుట్టింది, చదివింది, పెళ్లి చేసుకున్నది అంతా ఈ రోడ్డు మీదే. అయినా ఆ నెలలో ఆమెకు కొత్తగా చూపించుకోవడానికి వచ్చిన ప్రతివాడూ ముందు ఊరు అడిగేవాడు, ఆ తర్వాతే నాలుక చాపేవాడు.

ఆ కేంద్రానికి ఒకరోజు హనుమాయమ్మ ఆటోలో పడుకుని వచ్చింది. పండ్ల మార్కెట్ వెనక గల్లీలో మెస్సు నడిపే మనిషి. నరసరావుపేట దగ్గర ఊరు. భర్త పోయాక ఆ మెస్సే మొగుడూ పిల్లలూ అన్నట్టు బతికింది. తినేవాళ్లంతా నల్గొండ, పాలమూరు నుంచి ఉద్యోగ పరీక్షలకు చదువుకోవడానికి వచ్చిన కుర్రాళ్లు. పొద్దున ఊరేగింపుల్లో జై తెలంగాణ అని అరిచి అరిచి గొంతు పోగొట్టుకుని మధ్యాహ్నానికి ఆమె మెస్సుకే వచ్చేవాళ్లు. ఆమె వాళ్లకు మిరియాల చారు కాచి పోసేది. ఇందులో వింత ఉందని ఆమెకూ తోచలేదు, వాళ్లకూ తోచలేదు.

సెలైన్లు ఎక్కించి, మందులిచ్చి, మృదుల ఆమెను నిలబెట్టింది. ఆమె కోలుకుని ఇంటికి పోయాక పరీక్ష ఫలితం వచ్చింది. కలరా.

మృదుల స్వయంగా వెళ్లి చెప్పింది. హనుమాయమ్మ వంటింటి గడప మీద కూలబడింది.

"అమ్మాయ్, ఈ మాట గల్లీ దాటితే నేను మూట కట్టుకోవాల్సిందే. వండిపెట్టేదానికి కలరా అంటే ఎవరు తింటారు? పైగా రోజులు ఎట్టాంటివో చూస్తున్నావుగా. ఆంధ్రావిడ మా పిల్లలకు రోగం పెట్టిందంటే ఇక్కడ ఒక్క గిన్నె మిగలదు."

"మీ పేరు ఎక్కడా రాదు పిన్నిగారూ. నాదీ పూచీ," అంది మృదుల.

పూచీ అనే మాట నోటికి తేలిగ్గానే వస్తుంది. నిలబెట్టుకునేటప్పుడు దాని బరువు తెలుస్తుంది.

హనుమాయమ్మ తర్వాత ఒక్కొక్కరే రాసాగారు. హాస్టల్లో ఇద్దరు, పక్క కాలనీలో నలుగురు. అందరివీ వేరువేరు వంటిళ్లు. మెస్సులో తినేవాళ్లున్నారు, దాని మొహం చూడనివాళ్లూ ఉన్నారు. ఒక్కటే కలిసింది: అందరికీ నల్లా వచ్చేది ఒకే లైను నుంచి. ఆ లైను ఎల్బీనగర్ దిక్కు నుంచి, జిల్లా గీత దాటుకుని వస్తుంది. మృదుల నీళ్ల ఇంజనీరు దగ్గరికి పరిగెత్తింది. ఆయన చెడ్డవాడేమీ కాదు, భయపడిపోయి ఉన్నాడు.

"మీ వైపు ఇన్నే కేసులా డాక్టరుగారూ? ఇంత మాత్రానికి లైను మూస్తే సమ్మె విరగ్గొట్టడానికి నీళ్లు ఆపారంటారు. సాయంత్రానికి నా ఆఫీసుకు అద్దాలుండవు. రెండు జిల్లాల అంకెలూ ఒకే కాగితం మీద తీసుకురండి, ఆ క్షణమే మూయిస్తాను."

"ఎల్లుండి ఎల్బీనగర్ చౌరస్తాలో వంటావార్పు ఉంది. వేలమంది వస్తారు. వాళ్లు తాగేది ఈ నీళ్లే," అంది మృదుల.

"అందుకే కదండీ కాగితం అడుగుతున్నది," అన్నాడాయన.

వంటావార్పు అంటే ఆ రోజుల్లో అందరికీ తెలిసిందే. రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి, అక్కడే వండి, అక్కడే విస్తళ్లు పరిచి తినడం. అన్నం ఉడుకుతుంది కాబట్టి దానికి భయం లేదు. మజ్జిగలో పోసే నీళ్లు, గ్లాసుల్లో పోసే నీళ్లు ఎవరు ఉడికిస్తారు?

రంగారెడ్డి జిల్లా ఆరోగ్య శాఖలో లెక్కలు చూసే అధికారి ధర్మేందర్. ఉస్మానియాలో స్టాటిస్టిక్స్ చదివినవాడు. మామూలు రోజుల్లో అయితే వారానికోసారి మృదులా అతనూ ఫోన్లో రెండు వైపుల అంకెలూ సరిచూసుకునేవాళ్లు. ఎవరూ చెయ్యమనలేదు, చెయ్యొద్దనీ అనలేదు. ఇప్పుడతను సమ్మెలో ఉన్నాడు, ఎల్బీనగర్ శిబిరంలో ముందు వరసలో కూర్చుంటున్నాడు. మృదుల తెల్లకోటు సంచిలో కుక్కి, దొరికిన ఆటో పట్టుకుని అక్కడికే పోయింది.

గుడారంలో తలలన్నీ ఆమె వైపు తిరిగాయి. ధర్మేందర్ లేచి వచ్చి ఆమెను పక్కకు, పెద్ద గంగాళాలు బోర్లించిన చోటికి తీసుకుపోయాడు. అక్కడ ఒక ముసలాయన చిన్న పొయ్యి మీద చాయ్ కాస్తున్నాడు. ధర్మేందర్ తండ్రి పోచయ్య. మీర్‌పేట్ చుట్టుపక్కల పెళ్లయినా బోనాలైనా గరిటె ఆయన చేతిలోనే ఉండాలి. శిబిరానికి వంట కూడా ఆయనదే. మృదులకు చాయ్ గ్లాసు అందిస్తుంటే ఆయన చేతి కడియం మోచేతి దాకా జారింది. కళ్లు లోపలికి పోయి ఉన్నాయి. ఇంకో రోజయితే డాక్టరుగా ఆమె ఒక మాట అడిగేదే. ఆ పూట ఆమె ధ్యాసంతా అంకెల మీదే ఉంది.

"మా దిక్కు గూడ పడుతున్నరు మేడమ్," అన్నాడు ధర్మేందర్ గొంతు తగ్గించి. "కాని ఇగ సూడుర్రి. నేను సమ్మెల ఉన్న. నివేదిక రాస్తె సమ్మె తప్పినోణ్ణి అయిత. అండ్ల గూడ ఆంధ్ర డాక్టరుకు ఇచ్చిండంటె ఇగ జెప్పనే వద్దు."

"నివేదిక అడగట్లేదండీ. ఒక్క కూడిక అడుగుతున్నాను."

గుడారంలో ఎవరో మైకు సరిచేస్తున్నారు. నీళ్లల్ల మందు కలిపిండ్రంట అనే పుకారు అప్పటికే రెండు వైపులా తిరుగుతోంది. ఇటువాళ్లు అటువాళ్లను, అటువాళ్లు ఇటువాళ్లను అంటున్నారు.

"ఇస్త. కాని మన కాయిదా తప్పొద్దు," అన్నాడు చివరికి. "పేర్లొద్దు. ఏ ఊరోళ్లు, ఏ కులపోళ్లు అన్నదొద్దు. గల్లీల లెక్కన వద్దు, వాల్వు లెక్కన కూడుదం. అయిదు కంటె తక్కువ ఉన్న అంకె ఏదైన సరే విడిగ రాయొద్దు, పక్కదాంట్ల కలిపెయ్యాలె. యాదికున్నదా, ఆ టీబీ లెక్కల ఒక కాలనీకి ఎదురుంగ 'ఒకటి' అని రాసిండ్రు. పేరు ఏడ లేదు. వారం తిరగకముందే ఆ ఇంటోళ్లను కిరాయి ఇల్లు ఖాళీ చేపిచ్చిండ్రు."

"గుర్తుంది," అంది మృదుల.

"ఇంకొకటి. మొదటి కేసు మా దిక్కే. మీ అందరికంటె ముందు. మిగతావాట్ల కలిపి ఇస్త. ఎవరు అని అడగొద్దు."

ఆమె అడగలేదు. పొయ్యి దగ్గర పోచయ్య గ్లాసులు కడుగుతున్నాడు. ఒక గ్లాసును కడిగిందే కడిగాడు.

వంటావార్పుకు ముందురోజు పొద్దున్నే ధర్మేందర్ అంకెలు మృదుల ఫోనుకు మెసేజ్‌గా వచ్చాయి. మూడే వరసలు. పై వాల్వు కింద ఇంతమంది, నడిమి వాల్వు కింద ఇంతమంది, మిగతావి. ఎవరు చూసినా ఏమీ అర్థం కాదు, అర్థం కావలసినవాళ్లకు అంతా అవుతుంది. ఆమె తన అంకెలు కూడా అలాగే పేర్చడానికి కూర్చుంది. అంతలో ఇంజనీరు ఫోన్ చేశాడు.

"మూయడం సరే, తవ్వడం ఎక్కడండీ? లైనంతా తవ్వలేను కదా. మురుగు ఎక్కడ కలుస్తోందో తెలియాలంటే ముందు ఏ వీధిలో పడ్డారో, తర్వాత ఏ వీధిలో పడ్డారో కావాలి."

మృదుల ఆలోచించింది. అక్కడే పొరపాటు జరిగింది. తను తెలివిగా ఆలోచిస్తున్నాననుకుంది గానీ, తొందరపడింది. వీధులవారీగా తన అంకెలు ధర్మేందర్‌కు పంపితే అతను తనవాటితో సరిపోల్చి ఎక్కడ తవ్వాలో చెప్పేస్తాడు, తర్వాత తుడిచేసుకుంటే సరిపోతుంది అనుకుంది. వీధుల పేర్లు ఒకదాని కింద ఒకటి కొట్టింది. పండ్ల మార్కెట్ వెనక గల్లీ దగ్గర వేలు ఆగింది. ఆ వరస తీసేస్తే లైను మధ్యలో తెగిపోతోంది. పేరు రాయడం లేదుగా, ఒకటే కదా అనుకుంది. ఒకటి అని కొట్టింది, పక్కన తేదీ కూడా కొట్టి పంపేసింది.

జవాబు రాలేదు. పదే పదే ఫోన్ చేసినా ఎత్తలేదు. ఓపీలో రోగులు అయిపోయారు, ఆమె అన్నం డబ్బా తెరవకుండానే మళ్లీ చేసింది. ఈసారి ఎత్తారు. గొంతు ధర్మేందర్‌ది కాదు.

"అంతయ్యను మాట్లాడుతున్న. ఆర్టీసీ కండక్టర్ను. ధర్మేందర్ను పొద్దుగాలనే పోలీసులు ఎత్తుకపోయిండ్రు, రేపటి ప్రోగ్రాం ఉన్నదని. ఫోను చార్జింగుకు పెట్టి పోయిండు."

"అలాగా. ఆయన వచ్చాక ఒకసారి..."

"మీ మెసేజ్ సదివిన మేడమ్."

మృదుల అన్నం డబ్బా పక్కకు నెట్టేసింది.

"ఆ గల్లీల హాస్టళ్లన్ని ఖాళీ. పిల్లలందరు ఊళ్లకు పోయిండ్రు. ఉన్నది ఒక్కటే ఇల్లు," అన్నాడు అంతయ్య. గొంతు పెంచలేదు, అదే ఎక్కువ భయం పుట్టించింది. "నా కొడుకు ఆ మెస్సుల్నే తింటడు మేడమ్. ఇయ్యాల మూడోసారి సెలైన్ ఎక్కిస్తున్నరు. మీకు ముందుగాలనే ఎరుక. దాచిండ్రు."

ఫోన్ పెట్టేశాడు.

అంకె పక్కన పేరు రాయనక్కర్లేకుండానే పేరు ఎలా చదువుకుంటారో మృదులకు అప్పుడు తెలిసింది. ఆ ముసల్ది తనను నమ్మింది. నాదీ పూచీ అన్న నోటితోనే తను ఒకటి అని రాసింది. తనమీద తనకు ఎంత అసహ్యం వేసిందంటే, ఏడవడానికి కూడా సిగ్గుపడింది. చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా బయటపడింది. ఆటోలు లేవు. రోడ్డు డివైడరు పక్క నుంచి, మూసిన దుకాణాల ముందు నుంచి పరుగులాంటి నడకతో పోయింది.

ఆమె చేరేసరికి గల్లీ నిండా మనుషులున్నారు. మెస్సు షట్టరు నడుం దాకా దించి ఉంది. దాని కింద నుంచి హనుమాయమ్మ పాదాలు, చీర కుచ్చెళ్లు కనబడుతున్నాయి. లోపలికి పారిపోకుండా అక్కడే నిలబడింది. ముందు వరసలో అంతయ్య. ఖాకీ చొక్కా మీదే ఉద్యమం కండువా వేసుకున్నాడు. కళ్లు నిద్రలేక ఎర్రబడ్డాయి. వెనక కొందరి చేతుల్లో కర్రలున్నాయి, అవి జెండా కర్రలే, కానీ జెండాలు చుట్టేసి ఉన్నాయి. పక్క గల్లీల నుంచి వచ్చి మెస్సులో తినే కుర్రాళ్లు కూడా కొందరున్నారు. వాళ్లు ఎటు నిలబడాలో తెలియక గోడవారన ఉన్నారు.

మృదుల షట్టరుకు అడ్డంగా పోయి నిలబడింది.

"తప్పుకోండ్రి మేడమ్. మీతోని మాకు లొల్లి లేదు," అన్నాడు అంతయ్య. ఫోన్ తెర ఆమె మొహం ముందు పెట్టాడు. "గీ ఒకటి ఎవరు? ఈమెనా కాదా? అవునంటె అవునను, కాదంటె కాదను. గంతే."

కాదంటే అబద్ధం. రేపు అది బయటపడితే ఈ రోడ్డు మీద ఇంకే డాక్టరు మాటా ఎవరూ నమ్మరు. అవునంటే షట్టరు పైకి లేస్తుంది, గిన్నెలు రోడ్డున పడతాయి, ఆ తర్వాత ఏమవుతుందో చెప్పలేం. ఊరుకుంటే అది అవునన్నట్టే. మూడు వైపులా దారి మూసుకుపోయింది.

"చెప్పను," అంది. "ఎవరి రోగమూ ఎవరికీ చెప్పను. రేపు మీకొస్తే మీదీ చెప్పను. మీ అబ్బాయి ఏ వార్డులో ఉన్నాడో ఎవరైనా వచ్చి అడిగితే అదీ చెప్పను."

"నా కొడుకు ముచ్చట ఎత్తకు."

"ఎత్తుతాను. నీళ్ల లైను మూయించకపోతే రేపు ఇంకెంతమంది కొడుకులకు సెలైన్ పెట్టాలో నాకు తెలుసు కాబట్టి ఎత్తుతాను. రోగం ఈ వంటింట్లో లేదు, నల్లాలో ఉంది."

"అందరు గిట్లనే జెప్తరు. ఆంధ్రోళ్లను ఆంధ్రోళ్లే కాపాడుకుంటరు," అన్నారెవరో వెనక నుంచి. ఒక కర్ర షట్టరు రేకు మీద పడింది. ఆ చప్పుడు గల్లీ అంతా మోగింది. మృదుల వీపుకు రేకు అదురు తగిలింది. లోపల హనుమాయమ్మ రామరామ అనుకోవడం ఆమెకొక్కదానికే వినబడింది.

రెండో కర్ర లేచేలోగా గల్లీ మొదట్లో ఆటో ఆగింది. ధర్మేందర్ దిగాడు, వెనకే పోచయ్య దిగాడు. స్టేషన్లో సంతకం పెట్టించుకుని కొడుకును వదిలిపెడితే తండ్రి తోలుకొస్తున్నాడు. శిబిరం సగం ఖాళీగా ఉండటం చూసి, సంగతి కనుక్కుని ఇటే వచ్చారు. జనం దారి ఇచ్చారు. మనవాడొచ్చాడన్న ధైర్యంతోనే ఇచ్చారు.

అంతయ్య ఫోన్ అతని చేతిలో పెట్టాడు. "సదువు. నువ్వు చెప్పు. లెక్కలు నీకెరుకనే గద."

ధర్మేందర్ చదివాడు. చదువుతూ ఒకసారి మృదుల వైపు చూశాడు. ఆ చూపులో తిట్టు ఉంది. ఆమె తల దించుకుంది.

"మేడమ్ తప్పు చేసింది," అన్నాడు. "అయిదులోపు అంకె రాయొద్దని మాకొక కాయిదా ఉన్నది. రాసింది. తప్పే. కాని ఆ ఒకటి ఎవరన్నది ఆమె చెప్పది, నేను చెప్ప. నన్ను సుత కొడతరా, కొట్టుండ్రి."

"అంటె నువ్వు గూడ ఆ దిక్కేనా?"

"ఏ దిక్కు లేదన్నా. ఆ ఒకటి కంటె ముందుగాల పడ్డోళ్లు మన దిక్కున్నరు. అక్కడి నుంచే నీళ్లు ఇటు వస్తున్నయి."

"ఎవరు పడ్డరు? చెప్పు మరి. మేం ఎందుకు ఇనలే?"

ధర్మేందర్ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. ఆ పేరు చెబితే ఇక్కడి గొడవ అయిపోతుందని అతనికి తెలుసు. చెబితే అటు ఏది మొదలవుతుందో కూడా తెలుసు. శిబిరంలో వంట చేసే చేతికి కలరా అని తెలిస్తే టీవీల కింద రాత్రికల్లా ఆ మాటే పరిగెడుతుంది, అంటురోగమని చెప్పి పొద్దునకల్లా పోలీసులు గుడారం పీకేస్తారు. అతను చెప్పలేదు. అది తన నోటి నుంచి రావలసిన మాట కాదు. అంతయ్య అతని భుజం పట్టుకుని ఊపాడు. ఎవరు, ఎవరు అని నాలుగు గొంతులు లేచాయి.

"నేనే," అన్నాడు పోచయ్య.

ఎవరికీ అర్థం కాలేదు. ఆయన తలపాగా విప్పి మొహం తుడుచుకున్నాడు, అంతయ్య ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"గా మొదటి ఒకటి నేనే బిడ్డా. వాంతులు, బేదులు. పానం పోయినంత పనైంది. వీడు రాత్రికి రాత్రి దవాఖానల ఏస్తె బతికిన. మంచిగైనవని డాక్టర్లు చెప్పినంకనే మల్ల గరిటె పట్టిన. ఇంట్ల ముగ్గురికి దప్ప ఎవరికి ఎరుక లేదు. ఈమె మెస్సు దిక్కు నేను ఎన్నడు రాలే, ఈమె మొకం గూడ ఇప్పుడే చూస్తున్న. నేను తాగింది చౌరస్తల నల్లా నీళ్లు. మీరందరు తాగిన నీళ్లే."

అంతయ్య చెయ్యి ధర్మేందర్ భుజం మీద నుంచి దానంతటదే జారిపోయింది. ఆ ముందు వారమంతా అతను తిన్నది పోచయ్య చేతి అన్నమే.

"తగలవెట్టెటట్టుంటె ముందుగాల మన గుడారం తగలవెట్టుండ్రి," అన్నాడు పోచయ్య. "ఆయెనుక ఇటు రాండ్రి."

అప్పుడు షట్టరు పైకి లేచింది. బయటివాళ్లు లేపలేదు. హనుమాయమ్మే లోపల నుంచి రెండు చేతులతో ఎత్తింది. మనిషి ఇంకా పూర్తిగా కోలుకోలేదు, ఆయాసపడుతోంది. మృదుల వద్దన్నట్టు చెయ్యి పట్టుకుంది. ఆమె విడిపించుకుంది.

"ఆయన చెప్పుకున్నాక నేను దాక్కోవడం ఏం బాగుంటుందమ్మా. ఆ రెండోది నేనే," అంది. అంతయ్య వైపు తిరిగి, "మీ వాడు సన్నగా, అద్దాలు పెట్టుకుంటాడే, వాడేనా నాయనా? వాడు పప్పులో నెయ్యి వెయ్యనివ్వడు. ఎట్టా ఉన్నాడిప్పుడు?" అని అడిగింది.

అంతయ్య మెట్టు మీద కూలబడి రెండు చేతుల్లో మొహం పెట్టుకున్నాడు. కాసేపటికి తలెత్తకుండానే, "మరి నీళ్లేం జేద్దాం?" అన్నాడు.

ఆ మెట్టు మీదే రెండు జిల్లాలూ ఒక కాగితం మీదికి వచ్చాయి. ధర్మేందర్ చెబుతుంటే మృదుల రాసింది. వీధుల పేర్లు తీసేశారు, వాల్వులు మిగిల్చారు, చిన్న అంకెలు పెద్దవాటిలో కలిపేశారు. కలిపాక చూస్తే మురుగు కలిసేది నడిమి వాల్వుకు పైనే అని లెక్క చూపించింది. ఎవరి పేరూ అక్కర్లేకపోయింది, ఏ గల్లీ పేరూ అక్కర్లేకపోయింది. పొద్దున్నే ఇంత ఓపిక పట్టి ఉంటే సరిపోయేదని మృదులకు తెలిసింది. ఇంజనీరు కాగితం చూసి మాట నిలబెట్టుకున్నాడు. నీళ్లు ఆపితే రాళ్లు పడతాయని ఆయన భయపడ్డాడు కదా, వాల్వు తిప్పేదాకా పక్కన కాపలా ఉన్నది అంతయ్య మనుషులే. అక్కడే అంతయ్య ధర్మేందర్ ఫోన్ తీసుకుని, తెర ఆమెకు చూపించి, "మెసేజ్ తీసేసిన మేడమ్," అన్నాడు.

మర్నాడు చౌరస్తాలో వంటావార్పు జరిగింది. ట్యాంకర్లు తెప్పించారు, మజ్జిగ మానేశారు. గుడారాన్ని ఎవరూ పీకలేదు. సంగతి టీవీల దాకా పోలేదు, ఆ గల్లీలో నిలబడ్డవాళ్లు ఎందుకో బయట చెప్పుకోలేదు. అయితే వాళ్లలో వాళ్లకు తెలుసు. పోచయ్య గంగాళం దగ్గరికి పోతే ఒక కుర్రాడు మర్యాదగానే గరిటె అందుకున్నాడు. "నువ్వు కూసో పెద్దనాయినా, పానం బాగలేదు గద," అన్నాడు. ఆయన కాసేపు కూర్చున్నాడు, తర్వాత ఎటో లేచిపోయాడు.

మధ్యాహ్నం మృదుల మెస్సుకు వెళ్లింది. క్షమించమని అడగాలని దారంతా మాటలు పేర్చుకుంది. షట్టరు పూర్తిగా తెరిచి ఉంది. రేకు మీద కర్ర దెబ్బ సొట్ట కనబడుతోంది. బల్లలన్నీ తుడిచి, గ్లాసులు బోర్లించి ఉన్నాయి. తినే కుర్రాళ్లు ఒక్కరూ లేరు. గోడవారన నిలబడ్డవాళ్లు కూడా ఆ పూట ఇంకెక్కడో తిన్నారు. మూల బల్ల దగ్గర పోచయ్య ఒక్కడూ కూర్చుని పప్పుచారు కలుపుకుంటున్నాడు.

"దా బిడ్డా," అన్నాడు మృదులను చూసి. "ఈ చెల్లె చారు మంచిగ పెడతది. ఉప్పే జర తక్కువ."

హనుమాయమ్మ మృదులకు కూడా ఆకు వేసింది. మృదుల పేర్చుకున్న మాటలు పక్కన పెట్టి కూర్చుంది. అన్నం కలుపుతుండగా ఫోన్ మోగింది. పై ఆఫీసు నుంచి, పెద్ద అధికారి.

"మీ కాగితం చూశాను డాక్టర్. బాగుంది. కానీ అందరికంటే ముందు పడ్డవాళ్లు ఎంతమంది, ఎవరు? పేర్లు కావాలి. పైనుంచి అడుగుతున్నారు, ఏ ప్రాంతం వాళ్లని."

మృదుల ఎదురుగా చూసింది. పోచయ్య ముద్ద నోటి దగ్గర ఆపాడు. హనుమాయమ్మ గరిటె గిన్నెలోనే వదిలేసింది.

"అయిదులోపు అంకెలు మేం విడిగా ఇవ్వం సార్," అంది మృదుల. "రెండు జిల్లాలకూ అదే పద్ధతి. రాతపూర్వకంగా అడిగితే రాతపూర్వకంగా ఇదే చెబుతాను."

అవతల ఏదో గట్టిగా అంటుండగానే ఆమె ఫోన్ బోర్లా పెట్టింది. హనుమాయమ్మ చారు గిన్నె తెచ్చి ఇద్దరి ఆకుల్లోనూ పోసింది. ఖాళీ బల్లల వైపు చూడకూడదనుకుంటూనే మృదుల చూసింది.

"ఇవాళ ఎంతమంది తిన్నారు పిన్నిగారూ?"

"అయిదులోపే," అంది హనుమాయమ్మ. "రాయొద్దులే."